ఆకాశవాణి కొలువు, మాటకు కట్టుబాటు

ప్రభుత్వపు కొలువులో నున్నవాడు తన నోటిమాటకు తానే యజమాని యగునా, లేక జీతమిచ్చు సంస్థకు దానిపై హక్కు కలదా అను ప్రశ్న మన దేశమున చాల పాతది. తహశీలు కచేరిలోని గుమాస్తా విషయమున ఈ ప్రశ్నకు అంత తీవ్రత లేదు; అతడు సాయంకాలము అరుగుమీద కూర్చుండి సర్కారును దూషించినను, వినువారు అది అతని సొంత కోపమనియే తలంతురు గాని సర్కారు తన్ను తాను దూషించుకొనుచున్నదని భ్రమపడరు. రేడియో ఉద్యోగి సంగతి వేరు. అతని గొంతే అతని పని. నిజామాబాదు పట్టణమున, నీలకంఠేశ్వరాలయము పేర వెలసిన కంఠేశ్వర్ వాడలో గాని, బోధన్ చెంతనున్న చెరకు పల్లెలలో గాని, 103.2 మెగాహెర్ట్‌జ్ మీద ప్రతిదినము వినవచ్చు గొంతును జనులు ఒక మనిషి గొంతుగా గాక ఆకాశవాణి గొంతుగానే గుర్తింతురు. ఆ మనిషి అంగడిలో ఎదురైనను "రేడియో సారు" అనియే పలుకరింతురు. అట్టివాడు తన ఫేస్‌బుక్కులో ఒక మాట వ్రాసినచో అది ఎవరి మాట? ప్రజల ధనముతో నడచు ప్రసారసంస్థలు నేడు తమ ఉద్యోగులకు సామాజిక మాధ్యమములను గూర్చి విధించుచున్న నియమములకు మూలము ఈ ప్రశ్నయే. ఆ నియమములు నిన్న పుట్టినవి కావు. వాని వేళ్లు తొంబదియేండ్ల రేడియో చరిత్రలో నున్నవి, ఆ చరిత్రలో కొంత భాగము ఇందూరు, అనగా నిజామాబాదు, గడ్డతో ముడిపడియున్నది.

నిజాం రాజ్యమున మాటకు కట్టుబాటు రేడియోకంటె ముందే యుండెను. బహిరంగసభ జరుపవలెనన్న ముందుగా సర్కారు అనుమతి పొందితీరవలెనని శాసించిన గస్తీ నిషాన్ 53 ప్రజాసంఘముల పాలిట సంకెల యయ్యెను. ఆ సంకెలలు తొడిగికొనియే 1937లో ఆంధ్రమహాసభ తన ఆరవ సమావేశమును నిజామాబాదున జరుపుకొనినది. 'రయ్యత్' అను ఉర్దూ పత్రికను నడపి సర్కారు ఆగ్రహమును చవిచూచిన మందుముల నరసింగరావుగారు దానికి అధ్యక్షత వహించిరి. మంజీరపై కట్టిన నిజాంసాగరు నీరు పొలములకు పారుటయు, ఆ నీటితో పెరిగిన చెరకునకై బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారము నెలకొనుటయు ఆ దశాబ్దపు ఘట్టములే. ఈ విధముగా ఒకే కాలమున ఈ ప్రాంతమునకు నీరు వచ్చినది, యంత్రము వచ్చినది, సభ వచ్చినది. హైదరాబాదునుండి గాలిలో తేలివచ్చు గొంతు కూడ అప్పుడే వచ్చినది.

ఆ గొంతు దక్కన్ రేడియో. తొలుత స్వల్పశక్తిగల ప్రైవేటు ప్రయత్నముగా మొదలైన ఆ కేంద్రమును 1935 ఫిబ్రవరిలో నిజాం ప్రభుత్వము తన వశము చేసికొనినది. ఉర్దూ దానికి ప్రధానభాష. ప్రజలలో అధికసంఖ్యాకుల భాషయైన తెలుగునకును, మరాఠీ కన్నడములకును దానిలో చిన్న వాటాలే దక్కెను. అచ్చట పనిచేయువారి మాటకు ప్రత్యేకముగా నియమావళి వ్రాయవలసిన పని యుండెనని చెప్పజాలము. రాజే యజమాని యైనచోట రాజు ఇష్టమే నియమము. ఆ రేడియోకు ప్రజలతో గల సంబంధము ఎట్టిదో 1948 సెప్టెంబరున తేటతెల్లమయ్యెను. భారతసైన్యము ప్రవేశించిన ఐదవనాటి సాయంకాలము, సెప్టెంబరు 17న, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన లొంగుబాటును ఆ మైక్రోఫోనుద్వారానే ప్రకటించెను. అంతవరకు ఆ కేంద్రము ఏ సర్కారు విజయములను చాటెనో, ఆ సర్కారు అంతమును చాటవలసివచ్చినదియు ఆ కేంద్రమే. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో విలీనమై హైదరాబాదు కేంద్రమయ్యెను. యజమాని మారెను, యజమాని గొంతుగా నుండు అలవాటు మాత్రము భవనముతోపాటే కొత్తవారికి సంక్రమించెను.

ఈ సంధికాలపు వైచిత్రిని ఒక్క జీవితములో చూడవలెనన్న దాశరథి కృష్ణమాచార్యులను తలంపవలెను. నిజాం పాలనను ధిక్కరించినందుకు ఆయనను బంధించి ఉంచిన చెరసాలలలో ఇందూరు కోటలోని జైలొకటి; వట్టికోట ఆళ్వారుస్వామి ఆయనకు అచ్చట తోడి ఖైదీ. కాగితము కలము దొరకని ఆ జైలులో దాశరథి బొగ్గుతో గోడలపై పద్యములు వ్రాసెను. వ్రాసినందుకు శిక్ష కలదని తెలిసియే వ్రాసెను. కొన్నియేండ్లు గడచిన పిమ్మట ఆ కవియే హైదరాబాదు ఆకాశవాణిలో ప్రాంప్టరుగా కొలువునకు చేరెను. సర్కారు మీద గోడపద్యము వ్రాసినవాడు సర్కారు రేడియోలో ఇతరుల సంభాషణలకు మాటందించువాడయ్యెను. దీనిలో వింత యేమియు లేదని కొందరందురు. స్వతంత్రదేశపు సర్కారు మనదే గదా యని వారి వాదము. కాని మనదైన సర్కారును సైతము విమర్శించు అవసరము వచ్చినప్పుడు ఆ ఉద్యోగి ఏమి చేయవలెనను ప్రశ్నకు ఆ వాదము జవాబు కాదు.

ఆ జవాబును ఆకాశవాణి తనదైన పద్ధతిలో, మొదట శాసనముగా గాక పనివిధానముగా రూపొందించుకొనినది. ఆ విధానమునకు ప్రాణము వ్రాతప్రతి. ప్రసంగము చేయవచ్చు పెద్దమనిషి ఎంతటివాడైనను తన ప్రసంగమును ముందుగా వ్రాసి పంపవలెను. ప్రోగ్రాం ఎగ్జిక్యూటివు దానిని చదివి, పనికిరాని మాటలకు ఎఱ్ఱసిరాతో గీత గీయును. ప్రసారసమయమున డ్యూటీరూములో కూర్చున్న అధికారి వినుచునే యుండి, స్టూడియోలో పలుకబడిన మాట తప్పినదన్న అనుమానము కలిగినచో ధ్వనిని క్రమముగా తగ్గించి సంగీతము పెట్టించును. జరిగినదంతయు లాగ్‌బుక్కులో కెక్కును. మరునాటి ఉదయమున స్టేషను డైరెక్టరు ఎదుట జరుగు సమావేశమున ఆ పుస్తకమును తెరతురు. ద్వారము ఒక్కటే, దానికి కావలి కలదు, మాట బయటికి పోకముందే అదుపులో నుండెను. అందుచేత ఉద్యోగిని దండింపవలసిన అవసరము అరుదుగా కలిగెడిది. దేవులపల్లి కృష్ణశాస్త్రి, గోపీచంద్, రావూరి భరద్వాజ వంటి సాహితీమూర్తులు హైదరాబాదు కేంద్రమున కొలువు చేసిరి. విజయవాడలో బుచ్చిబాబు, బాలాంత్రపు రజనీకాంతరావు ఉండిరి. వీరి స్వతంత్రరచనలు బయట పత్రికలలో యథాప్రకారము వెలువడుచునే యుండెను. సాహిత్యమునకు వాకిలి తెరచి, రాజకీయమునకు మూయుట ఆనాటి మర్యాద.

ఆ మర్యాదకు చట్టరూపము 1964 నాటి కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తన నియమావళి. దానిలో ఐదవ నియమము రాజకీయపక్షములతో సంబంధమును నిషేధించును. ఎనిమిదవది పత్రికలతోను ప్రసారమాధ్యమములతోను ఉద్యోగికి గల సంబంధమును క్రమపరచును. తొమ్మిదవది, అన్నిటికంటె కఠినమైనది, కేంద్రప్రభుత్వము గాని రాష్ట్రప్రభుత్వము గాని ఇటీవల చేసిన పనిని, చేపట్టిన విధానమును ప్రతికూలముగా విమర్శించు ఏ ప్రకటనయు ఉద్యోగి ప్రచురింపరాదని చెప్పును. పదునొకండవది అధికారరహస్యములను బయటపెట్టరాదనును. ఉద్యోగసంఘపు బాధ్యులు తోడివారి సర్వీసు పరిస్థితులను గూర్చి సద్బుద్ధితో చెప్పు మాటకు మినహాయింపు కలదు. 1965 నాటి మరియొక నియమావళి శిక్షలను వరుస పెట్టినది: మందలింపు మొదలుకొని, ఇంక్రిమెంటు నిలుపుదల, హోదా తగ్గింపు, నిర్బంధ పదవీవిరమణ, తొలగింపు, బర్తరఫు వరకు. పెద్ద శిక్ష వేయదలచిన అధికారి అభియోగపత్ర మిచ్చి, సంజాయిషీ కోరి, విచారణాధికారిని నియమించి, నిందితునికి తోడ్పాటుగా ఒక సహోద్యోగిని అనుమతించి, సాక్ష్యము విని, ఆ పిదపనే తీర్పు చెప్పవలెను. ఈ క్రమము మందగమనమే, విసుగు పుట్టించునదే. అయినను అధికారి కోపమునకును ఉద్యోగి అన్నమునకును నడుమ నిలిచిన అడ్డుగోడ అదియే.

ఇక ప్రసారమగు మాటకు సంబంధించిన ఆకాశవాణి కోడ్ 1960 దశకపు చివర రూపుదిద్దుకొనినది. 1967 ఎన్నికలలో అనేక రాష్ట్రములు కాంగ్రెసేతర పక్షముల చేతిలోనికి పోగా, ఆ ముఖ్యమంత్రులు కేంద్రప్రభుత్వపు రేడియోలో ఏమి మాటాడవచ్చునను వివాదము దానికి నేపథ్యము. మిత్రదేశములను విమర్శింపరాదు, మతములపై, వర్గములపై దాడి కూడదు, అశ్లీలము, పరువునష్టము, హింసాప్రేరణ, కోర్టుధిక్కారము తగవు, రాష్ట్రపతి, గవర్నర్లు, న్యాయవ్యవస్థల నిజాయితీపై మచ్చ వేయరాదు, ఏ రాజకీయపక్షమును పేరు పెట్టి నిందింపరాదు, కేంద్రమును గాని రాష్ట్రమును గాని శత్రుభావముతో విమర్శింపరాదు, రాజ్యాంగమును అగౌరవపరచరాదు. రాజ్యాంగబద్ధమైన మార్గమున మార్పు కోరుటకు మాత్రము అడ్డు లేదు. ఈ కోడ్ ఇంకను సజీవమే. 2024 ఎన్నికల వేళ, తెలుగుబిడ్డయైన సీతారాం ఏచూరి తన పక్షము తరపున చేయవలసిన ప్రసంగములోని కొన్ని మాటలను తొలగింపుమని ప్రసారసంస్థ కోరగా, ఆ సంగతి దేశమంతట చర్చకు వచ్చెను.

కోడ్ ఎంత కఠినమైనను, అది వ్రాసియున్న మాట. దానిని చూపి ఉద్యోగి తన్ను తాను కాపాడుకొనవచ్చును. వ్రాసిన మాటను పక్కన బెట్టినప్పుడు ఏమగునో అత్యవసరపరిస్థితి చూపినది. 1975 జూన్ 26 ఉదయమున ఇందిరాగాంధీ ఆకాశవాణిలో ఆ ప్రకటన చేసిన కొలదిదినములకే సమాచారశాఖ గుజ్రాల్ చేతినుండి విద్యాచరణ్ శుక్లా చేతికి మారినది. ఆకాశవాణి ప్రభుత్వపు అంగమే, అట్లే యుండునని ప్రధాని ఆ సెప్టెంబరులో కేంద్రముల అధిపతులకు నిర్మొగమాటముగ తెలిపిరి. 1976 మే నెలలో గాయకుడు కిశోర్‌కుమార్ పాటలను ప్రసారమునుండి తొలగించిరి. ఆయన చేసిన నేరము ప్రభుత్వపు ప్రచారకార్యక్రమమునకు సహకరింపకపోవుట. 1977లో వచ్చిన కొత్త ప్రభుత్వము ప్రచురించిన శ్వేతపత్రము ఈ దుర్వినియోగము నంతయు ఏకరువు పెట్టినది. ఆ పత్రమునుండి నేర్చుకొనవలసిన పాఠము ఇది: నియమము లేనిచోట స్వేచ్ఛ యుండదు, పైవాని మనోభావమే నియమమగును, దానికి మొదట బలియగువాడు క్రిందివాడు.

ఆ క్రిందివాని కథ ప్రత్యేకముగా చెప్పదగినది. ఆకాశవాణి పుట్టినప్పటినుండి దానిలో రెండు తరగతుల మనుష్యులుండిరి. ఒక తరగతివారు పర్మనెంటు ఉద్యోగులు. రెండవ తరగతివారు స్టాఫ్ ఆర్టిస్టులు, అనగా ఒప్పందముపై పనిచేయు గాయకులు, వాద్యకారులు, నటులు, రచయితలు, అనౌన్సర్లు. ప్రజలు ఎరిగిన గొంతులన్నియు ప్రాయికముగా వీరివే. సర్వీసు రక్షణ మాత్రము తొలుత వీరికి లేదు. 1980 దశకమున వారిని ప్రభుత్వోద్యోగులుగా గుర్తించిరి గాని, ఆ ఖాళీని నింపుటకు క్యాజువల్ అనౌన్సర్లను మరియొక తరగతి అప్పటికే సిద్ధమై యుండెను. నెలకు కొన్ని డ్యూటీలు, డ్యూటీకి ఇంత అను లెక్కన వారికి రుసుము. నాగర్‌కోయిల్‌లో 1984లో తొలి స్థానిక రేడియో కేంద్రము తెరచిన పిమ్మట, ఆ కోవలోనే 1990 ప్రాంతమున నిజామాబాదునకు కేంద్రము వచ్చినది. ఊరి యాసను, ఊరి పంటను, ఊరి కళను ఊరివారికే వినిపించుట దాని ఆశయము. ఇట్టి కేంద్రములు నడచుట క్యాజువల్ గొంతుల బలిమి మీదనే. వారిలో ఒకరు చేసిన పని అధికారికి నచ్చకపోయినచో అభియోగపత్రముతో పని లేదు. వచ్చే నెల డ్యూటీచార్టులో పేరు లేకపోయిన చాలును. శిక్ష యని ఎవరును అనరు, శిక్ష మాత్రము పడును.

ఆకాశవాణిని స్వయంప్రతిపత్తిగల సంస్థ చేతికి అప్పగించుటకై 1990లో పార్లమెంటు ప్రసారభారతి చట్టము చేసినది. అమలులోనికి వచ్చినది 1997లో. ఈ నడుమ, 1995లో, గాలితరంగములు ప్రజల ఆస్తి యని సుప్రీంకోర్టు తీర్పు చెప్పియుండెను. సంస్థ స్వయంప్రతిపత్తి గలదైనను ఉద్యోగులు ఎవరివారను చిక్కు తెగలేదు. చివరకు 2011లో చట్టమును సవరించి, 2007 అక్టోబరు 5నకు ముందు చేరినవారు ప్రసారభారతిలో డెప్యుటేషనుపై నున్న కేంద్ర ప్రభుత్వోద్యోగులే యని తేల్చిరి. ఇందువలన కలిగిన ఫలితము గమనింపదగినది. ప్రభుత్వమునకు దూరముగ నిలువవలసిన ప్రసారసంస్థలో పాతవారు ప్రభుత్వమును విమర్శింపరాదను తొమ్మిదవ నియమమునకు బద్ధులు. కొత్తవారు ఒప్పందపు షరతులకు బద్ధులు. క్యాజువల్‌వారు డ్యూటీచార్టునకు బద్ధులు. ఒకే గదిలో, ఒకే మైక్రోఫోను ముందు, మూడు తీరుల భయము.

ఇట్టి స్థితిలో సెల్‌ఫోను వచ్చి పడినది. డ్యూటీరూముతో ప్రమేయము లేకయే మాట లోకమునకు చేరుట దీనితో మొదలయ్యెను. ప్రభుత్వసంస్థలు సామాజిక మాధ్యమములను ఎట్లు వాడవలెనో చెప్పు మార్గదర్శకములను కేంద్రప్రభుత్వము 2012లో వెలువరించినది గాని, అవి ముఖ్యముగా సంస్థ తరపున తెరచిన ఖాతాలకు సంబంధించినవి: ఎవరు మాటాడుచున్నారో స్పష్టముగ చెప్పవలెను, అధికారము లేని విషయమున మాట ఇయ్యరాదు, ఇతరుల ఆంతరంగికమును బయటపెట్టరాదు. సొంత ఖాతా విషయమున ఆధారము మరల 1964 నాటి ప్రవర్తన నియమములే. ట్రాన్సిస్టరు కూడ ప్రతియింట లేని కాలమున వ్రాసిన వాక్యమును వాట్సాప్ గుంపులోని సందేశమునకు అన్వయింపవలసివచ్చినది.

అన్వయము ఎంత కష్టమో ఇందూరునుండి చూచిన తెలియును. 2019 లోక్‌సభ ఎన్నికలలో పసుపుబోర్డు కావలెనని, పసుపునకు, ఎఱ్ఱజొన్నకు గిట్టుబాటు ధర కావలెనని నిజామాబాదు స్థానమున రైతులే నామినేషన్లు వేయగా, బరిలో మొత్తము 185 మంది నిలిచిరి; వారిలో 170 మందికి పైగా రైతులు. ఈ జిల్లావాడైన రేడియో ఉద్యోగికి ఆ అభ్యర్థులలో అన్నయో, మేనమామయో, పక్కయింటివాడో ఉండుట సహజము. పసుపుబోర్డు కావలెననుట అప్పుడు ఇచ్చట పంటను గూర్చిన మాట, బ్రతుకును గూర్చిన మాట, అదే క్షణమున ఎన్నికలను గూర్చిన మాట కూడ. అట్లే బోధన్ చక్కెర కర్మాగారము 2002లో ప్రైవేటు చేతులకు పోయి, 2015 డిసెంబరున మూతపడినది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరొందిన ఆ మిల్లు చిమ్నీ చల్లారినప్పుడు, దానిలో పనిచేసినవాని కొడుకు ఆకాశవాణిలో నుండి తన తండ్రి బాధను నాలుగు వాక్యములలో ఫేస్‌బుక్కున వ్రాసెననుకొందము. ప్రభుత్వ విధానముపై ప్రతికూలవిమర్శ యని అధికారి దానిని పట్టవచ్చును. కుటుంబపు దుఃఖమని విడువనూవచ్చును. నియమము ఒక్కటే, ఫలితము అధికారి స్వభావమును బట్టి మారును. అసలు లోప మిచ్చట నున్నది.

ఈ చిక్కు మనకే పరిమితము కాదు. ఆకాశవాణికి ఒకప్పుడు నమూనాగా నిలిచిన బీబీసీ 2020లో తన వారి సామాజిక మాధ్యమ ప్రవర్తనను కట్టుదిట్టము చేసినది. అయినను 2023 మార్చిలో ఫుట్‌బాల్ వ్యాఖ్యాత గ్యారీ లినేకర్ బ్రిటిషు ప్రభుత్వపు శరణార్థి విధానమును ట్విట్టరులో విమర్శింపగా, సంస్థ ఆయనను కార్యక్రమమునుండి తప్పించినది. సహవ్యాఖ్యాతలు ఆయనకు బాసటగా పని మానగా, కొలదిదినములలోనే వెనుకకు పిలువవలసివచ్చినది. వార్తలు చెప్పువానికిని ఆటలను గూర్చి మాటాడువానికిని ఒకే కొలత తగునా యని సమీక్ష జరిపించి, ఆ సెప్టెంబరులో కొత్త నియమములు వ్రాసికొనినది. ఆస్ట్రేలియా ప్రసారసంస్థ ఏబీసీ 2023 డిసెంబరున ఆంటోయినెట్ లాటూఫ్ అను తాత్కాలిక రేడియో వ్యాఖ్యాతను, గాజా యుద్ధమును గూర్చి ఒక మానవహక్కుల సంస్థ ప్రకటనను ఇన్‌స్టాగ్రాములో పంచుకొనినదని, ఒప్పందము ముగియకముందే ప్రసారమునుండి తొలగించినది. అది చట్టవిరుద్ధమని 2025 జూన్‌లో అక్కడి ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పెను. ఖ్యాతిగల లినేకర్ కొలదిదినములలో తిరిగివచ్చెను. కొన్నినాళ్ల ఒప్పందముపై వచ్చిన లాటూఫ్ న్యాయమునకై కోర్టు మెట్లెక్కి ఏడాదిన్నర వేచియుండవలసివచ్చెను. మన డ్యూటీచార్టు కథయే అక్కడ వేరొక వేషములో జరిగినది.

మన న్యాయస్థానములు ఈ విషయమున మౌనముగ లేవు. ప్రభుత్వోద్యోగి యైనంతమాత్రమున ప్రాథమికహక్కులను పోగొట్టుకొనడని 1962లోనే, కామేశ్వర్ ప్రసాద్ కేసులో, సుప్రీంకోర్టు చెప్పెను. 2020 జనవరిలో త్రిపుర హైకోర్టు, ఫేస్‌బుక్కులో రాజకీయాభిప్రాయమును వెల్లడించినదని పదవీవిరమణ అంచున అభియోగమునకు గురియైన ఒక ఉద్యోగినిపై చర్యను కొట్టివేయుచు, ప్రవర్తన నియమములు గీసిన గీతను దాటనంతవరకు వాక్స్వాతంత్ర్యము ఆమెకును కలదని నిర్ణయించెను. అనగా గీత యుండవచ్చును. అది యెచ్చట నున్నదో మనిషికి ముందుగ కనబడవలెను.

ప్రజల రేడియోలో పనిచేయువాడు ఎన్నికలనాడు ఒక పక్షమునకు జేజేలు పలికినచో, మరునాడు అతడు చదువు ప్రకటనను ఎదుటిపక్షపు రైతు నమ్మడు; ఈ నమ్మకమును కాపాడుటకు కట్టుబాటు కావలసినదే. దానిని కాదనువాడు ప్రసారధర్మమును ఎరుగనివాడు. కాని ఆ కట్టుబాటు పక్షపాతమును అరికట్టవలెను గాని బాధను చెప్పుకొను నోటిని కుట్టివేయరాదు. సంస్థపేర పలికిన మాటకును సొంతపేర పలికిన మాటకును భేదము చూపవలెను. వార్తల గదిలోనివానికిని వ్యవసాయ కార్యక్రమమువానికిని తగినట్లు అది వేర్వేరుగ నిర్ణయింపబడవలెను. అధికారపక్షమును మెచ్చుకొనుటను సైతము, తెగడుటను పట్టినంత గట్టిగ పట్టవలెను. అన్నిటికిని మించి, పర్మనెంటు ఉద్యోగికి గల సంజాయిషీ, విచారణ, అప్పీలు అను మూడు మెట్లు నెలకు నాలుగు డ్యూటీలు చేయు క్యాజువల్ గొంతునకు సైతము దక్కవలెను. పూర్వము మాటను ఆపుటకు డ్యూటీరూము చాలెను. ఇప్పుడు ఆ గది పట్టు సడలిన కాలమున, నియమమునకు బలము చేకూర్చునది దాని కాఠిన్యము కాదు, అది అందరికిని సమముగ వర్తించుననెడి విశ్వాసము. నిజాం రేడియోకు లేనిది ఆ విశ్వాసము. ఆకాశవాణి తన క్రిందివారి యెడల దానిని నిలుపుకొనిననాడే వినువారి యెడలను నిలుపుకొనగలదు.